అల్లుడుగారి సాఫ్ట్‌వేర్ కింద పాత డేటాబేస్: ముట్టుకోవాలా, వద్దా?

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా పలాస వైపు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన పేరు వేయొద్దన్నారు, ఉత్తరం కూడా చాలా పెద్దది, అందుకని సారాంశం నా మాటల్లో ఇస్తున్నాను.

ఈయనకు ముప్పై నాలుగేళ్లు. జీడిపప్పు వ్యాపారం చేసే ఒక కుటుంబ సంస్థలో అకౌంట్స్ గుమస్తాగా చేరారు. డిగ్రీలో కంప్యూటర్స్ చదివిన పాపానికి ముందు ప్రింటరు, తర్వాత నెట్, చివరికి సర్వరు కూడా ఆయన నెత్తికే వచ్చాయి. ఉద్దానం రైతుల దగ్గర పిక్కలు కొన్నప్పటి కాటా చీటీ మొదలు, ఒలుపు కూలీల లెక్క, గుడ్డు (నిండు పప్పు) ఎంత బద్ద (చీలిన పప్పు) ఎంత అన్న గ్రేడింగు, బయటి పార్టీలకు వెళ్లిన డబ్బాల బిల్లు దాకా అంతా ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. దాన్ని 2012లో షావుకారుగారి పెద్దల్లుడు రాసిచ్చారు. సెంటోస్ 6 అనే లినక్స్ మీద మైఎస్‌క్యూఎల్ 5.1 డేటాబేస్, ప్రోగ్రాం రాసిన భాష పీహెచ్‌పీ 5.3. ఆ రోజు పెట్టింది పెట్టినట్టే ఉంది, ఒక్క అప్‌డేట్ కూడా వేయలేదు. అల్లుడుగారు ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నారు. అక్కడి నుంచి అప్పుడప్పుడు చూసుకోవడానికి రౌటర్‌లో డేటాబేస్ పోర్టు, అంటే బయటి నెట్ నుంచి నేరుగా డేటాబేస్‌కు చేరే దారి, తెరిచి పెట్టారట.

ఇబ్బందులు ఒకటి కాదు. సంస్థకు ఈ-ఇన్వాయిస్ (బిల్లులను జీఎస్టీ కోసం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి అయినప్పటి నుంచి ప్రతి బిల్లునూ ఈయన సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, ప్రభుత్వ పోర్టల్‌లో రెండోసారి కొడుతున్నారు, సీజన్‌లో ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండవుతోంది. కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేస్తే మర్నాడు పొద్దున్నే ఏదో ఒక టేబుల్ పాడై కూర్చుంటుంది, రిపేర్ చేసుకోవాలి. కొందరు రైతుల పేర్లు చీటీ మీద చివర తెగిపోయి వస్తున్నాయి, ఎందుకో తెలియదు. శ్రీకాకుళంలో సాఫ్ట్‌వేర్ సర్వీసు చేసే ఒకాయనను అడిగితే "మైఎస్‌క్యూఎల్ 5.7 అయినా లేకపోతే ఈ-ఇన్వాయిస్ కలపలేం" అన్నారు. షావుకారుగారేమో "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం? మా అల్లుడు రాసింది పనికిరాదంటావా?" అన్నారు. అల్లుడుగారు ఫోన్లో "వచ్చినప్పుడు చూద్దాం" అంటారు, సంక్రాంతికి వస్తారు, వెళ్తారు.

ఇక విసిగిపోయి, ఒక ఆదివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఆ మిషన్ మీదే మైఎస్‌క్యూఎల్ 8.4 వేసేద్దామనుకుంటున్నారు. అడిగింది రెండు: 5.1 నుంచి 8.4కి ఒక్కసారిగా దూకొచ్చా? లేక ఇదంతా వదిలేసి విశాఖలో ఏదైనా ఉద్యోగం చూసుకోవడం మంచిదా?

జవాబు:

ముందు ఆ ఆదివారం ఆలోచన మానుకోండి. మీకు చేతకాదని కాదు. బాగా జరిగితే సోమవారం ఎవరికీ ఏమీ తెలియదు, మీకు ఒరిగేదీ లేదు. చెడిందా, పదేళ్లకు పైబడిన లెక్కలు పోగొట్టిన మనిషిగా మీరొక్కరే నిలబడతారు. సాంకేతికంగా కూడా అది కుదరదు. 8.4 మీ సెంటోస్ 6 మీద ఎక్కదు. కొత్త మిషన్ తెచ్చి 5.1 డేటా ఫోల్డర్ కాపీ చేసి పెట్టినా 8.4 దాన్ని తెరవదు. ఉన్న ఫైళ్ల మీదే వెర్షన్ పెంచుకుంటూ పోవాలంటే 5.5, 5.6, 5.7, 8.0, ఆ తర్వాతే 8.4, మధ్యలో ఏ మెట్టూ దాటేయడానికి లేదు, ప్రతి మెట్టు దగ్గరా ఆగి పరీక్షించుకోవాలి. మీ డేటా మొత్తం మూడు జీబీ కూడా లేదని రాశారు కదా, అంత చిన్నదానికి ఆ మెట్లన్నీ ఎక్కడం దండగ. టేబుళ్లను టెక్స్టుగా డంప్ తీసి, వేరే మిషన్‌లో ఖాళీగా పెట్టిన కొత్త వెర్షన్‌లోకి లోడ్ చేసుకోవడమే దారి. అలా చేసేటప్పుడు మీ వ్యాపారం టేబుళ్లు మాత్రమే తీసుకెళ్లండి. యూజర్లు, పాస్‌వర్డులు ఉండే సిస్టమ్ డేటాబేస్‌ను పాతదాంట్లోనే వదిలేసి, యూజర్లను అక్కడ కొత్తగా సృష్టించుకోండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు అర్థమైంది ఏమిటంటే, మూడు వేర్వేరు సమస్యలు ఒకే ముడిగా పడి మీ మెడకు చుట్టుకున్నాయి. ఈ-ఇన్వాయిస్ ఒకటి, పాత డేటాబేస్ ఒకటి, అల్లుడుగారు ఒకటి. వీటిని విడదీస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈ-ఇన్వాయిస్ సంగతి చూద్దాం. అయిదు కోట్ల టర్నోవర్ దాటిన మీలాంటి వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి అది తప్పనిసరి, అందులో వాదనకు తావు లేదు. కానీ మీకు అడ్డుపడుతున్నది డేటాబేస్ కాదు. పోర్టల్‌తో ప్రోగ్రాం నేరుగా మాట్లాడాలంటే టీఎల్‌ఎస్ 1.2 అనే సురక్షిత కనెక్షన్ పద్ధతి ఉండాలి. మీ సర్వర్‌లో ఆ పని చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దానికంటే ముందుది, ఆ సౌకర్యం 1.0.1తో 2012లో వచ్చింది, మీరేమో అప్‌డేట్ వేయలేదు. అంటే మైఎస్‌క్యూఎల్‌ను ఎంత కొత్తది చేసినా పాత మిషన్ నుంచి ఆ పోర్టల్ తలుపు తెరుచుకోదు. అదే పక్కన ఒక కొత్త చిన్న మిషన్ పెట్టి, అది పాత డేటాబేస్ నుంచి బిల్లు వివరాలు చదువుకుని పోర్టల్‌కు పంపితే, డేటాబేస్ 5.1 అయినా పని జరిగిపోతుంది. సర్వీసు ఆయన 5.7 కావాలన్నది ఆయన దగ్గరున్న రెడీమేడ్ సరుకుకు అవసరమై ఉంటుంది. ఒక మాట చెప్పాలి, 5.7కి కూడా 2023 అక్టోబరులోనే మద్దతు ఆగిపోయింది. ఇంత శ్రమ పడి ఇప్పుడు అక్కడికి చేరడం అంటే వెళ్లిపోయిన బస్సు కోసం టికెట్టు కొనడమే. 8.0కి కూడా 2026 ఏప్రిల్‌తో గడువు సరి. మైఎస్‌క్యూఎల్‌లోనే ఉండాలనుకుంటే లక్ష్యం 8.4, దానికి 2032 దాకా ఢోకా లేదు.

ఇక ఈ వారమే చేయాల్సినవి రెండున్నాయి, ఏ వెర్షన్‌కు వెళ్లినా, అసలు వెళ్లకపోయినా.

రౌటర్‌లో ఆ పోర్టు మూయించండి. 2017లో ఇలా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న మైఎస్‌క్యూఎల్ సర్వర్లను వెతికి పట్టుకుని, డేటా తుడిచేసి, బిట్‌కాయిన్ కట్టమని ఒక టేబుల్‌లో సందేశం పెట్టి వెళ్లిన దాడులు జరిగాయి. 5.1, 5.5 వెర్షన్ల కొన్ని బిల్డుల్లో 2012లో ఒక లోపం బయటపడింది: ఏ తప్పుడు పాస్‌వర్డ్ అయినా సరే, మళ్లీ మళ్లీ కొడుతూ పోతే దాదాపు 256 సార్లలో ఒకసారి లోపలికి పోనిచ్చేది. మీ బిల్డుకు అది వర్తించకపోవచ్చు, కానీ 5.1కి మరమ్మతులు రావడం 2013 చివరికే ఆగిపోయింది, ఆ తర్వాత దొరికినవేవీ మీ దగ్గర పూడ్చలేదు. అల్లుడుగారికి దూరం నుంచి చూసుకునే వీలు కావాలంటే వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) పెట్టొచ్చు. ఈ ఒక్క పనీ ఆయనకు ఫోన్ చేసి, ఆయన చేతే చేయించండి. ఎందుకో తర్వాత చెబుతాను.

రెండోది బ్యాకప్. రోజూ రాత్రి స్క్రిప్టు నడుస్తుందని, ఫైలు అదే డిస్కులో పడుతుందని రాశారు. దాన్ని ఎప్పుడైనా రీస్టోర్ చేసి చూశారా అన్నది ఉత్తరంలో లేదు, అంటే చూడలేదనే అనుకుంటున్నాను. రేపు ఆ ఫైలు తెరిచి అట్టడుగు వరస చూడండి. డంప్ సజావుగా ముగిస్తే చివర్లో "డంప్ కంప్లీటెడ్" అని తేదీతో సహా ఉంటుంది. అది లేదంటే మధ్యలో ఎక్కడో ఆగిపోయింది, బహుశా పాడైన టేబుల్ దగ్గరే. మీ టేబుళ్లు మైఐశామ్ రకంవి అయి ఉంటాయి, 5.1లో మామూలుగా వచ్చేవి అవే. కరెంటు పోతే పాడయ్యేది అందుకే, ఇన్నోడీబీ అనే రకానికి మారితే ఆ పొద్దున్నే రిపేర్ల గొడవ దాదాపు ఉండదు. మైఐశామ్‌తో ఉన్నంత కాలం మాత్రం డంప్ తీసేటప్పుడు ఎవరూ ఎంట్రీలు కొట్టకుండా చూసుకోవాలి, లేకపోతే బిల్లు ఒక క్షణానిది, దాని లైన్లు ఇంకో క్షణానివి అయి కూర్చోవచ్చు. తీసిన ఫైలు రెండు పెన్‌డ్రైవ్‌ల్లోకి ఎక్కించి ఒకటి ఆఫీసు బయట ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ వైపు ఎలా అయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. సర్వర్ ఉన్న గదిలోనే ఉన్న బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు దారులు. నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

మొదటిది, పైన చెప్పిన పక్క మిషన్. డేటాబేస్ ముట్టుకోరు, ఈ-ఇన్వాయిస్ మాత్రం దాని ద్వారా పోతుంది. మీ రాత్రి పదకొండు గంటల బాధ తీరుతుంది, అల్లుడుగారి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మారదు, షావుకారుగారు కూడా సులువుగా ఒప్పుకుంటారు. కానీ పాత డిస్కు, పాత వెర్షన్ అలాగే ఉంటాయి. పైగా నొప్పి తగ్గగానే అసలు పని వాయిదా పడుతూ పోతుంది. మన విజయనగరంలో కూడా "తాత్కాలికంగా" పెట్టిన ఏర్పాట్లు ఏళ్లకేళ్లు నడవడం నేను చూస్తూనే ఉన్నాను.

రెండోది, డేటాబేస్ ఒక్కటే కొత్త మిషన్‌కు మార్చి, ప్రోగ్రాం ప్రస్తుతానికి పాత పీహెచ్‌పీతోనే నడిపించడం. దీనికైతే 8.4 కంటే మరియాడీబీ 11.4 (మైఎస్‌క్యూఎల్ నుంచే చీలి వచ్చిన డేటాబేస్) మీకు తేలిక అనిపిస్తుంది. కారణం ఉంది. 8.0 నుంచి మైఎస్‌క్యూఎల్ లాగిన్ పద్ధతి మారింది, మీ పీహెచ్‌పీ 5.3కి కొత్త పద్ధతి రాదు. పాత పద్ధతి 8.4లో మామూలుగా ఆపేసి ఉంటుంది, పనిగట్టుకుని తెరవాలి, 9.0లో అయితే పూర్తిగా తీసేశారు. మరియాడీబీ ఇప్పటికీ పాత పద్ధతిని ఒప్పుకుంటుంది. తేదీలు, గ్రూప్ బై (వరసలను గుంపులుగా కూడే క్వెరీ) విషయంలో కూడా అది కొంచెం ఉదారంగా ఉంటుంది. నష్టమేమిటంటే ఈ రెండు డేటాబేస్‌లూ ఏడాదికేడాది దూరమవుతున్నాయి, అటు వెళ్లాక మళ్లీ మైఎస్‌క్యూఎల్‌కు రావాలంటే అదో పని. మీలాంటి ఆఫీసుకు అలా తిరిగి రావాల్సిన అవసరం వస్తుందని నేననుకోను.

మూడోది అంతా ఒకేసారి: 8.4, పీహెచ్‌పీ 8, ప్రోగ్రాం సవరణ. చివరికి చేరాల్సింది ఇలాంటి చోటికే. కానీ అల్లుడుగారు 2012లో రాసిన తీరు పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లతోనే అయి ఉంటుంది, అవి పీహెచ్‌పీ 7తోనే పోయాయి, ప్రతి పేజీలోనూ మార్చాలి. మ్యాజిక్ కోట్స్ అని ఒకటుండేది, మనం కొట్టినదాన్ని డేటాబేస్‌కు పంపే ముందు తనంతట తానే శుభ్రం చేసేది. అది 5.4లోనే తీసేశారు. ప్రోగ్రాం దాన్ని నమ్ముకుని రాసి ఉంటే, మారాక ఎర్రర్ రాదు, దొంగకు తలుపు మాత్రం తెరుచుకుంటుంది. మీరొక్కరే, గుమస్తా పని చూసుకుంటూ, ఇదంతా చేయడం నెలల వ్యవహారం.

నాలుగోది, దీన్ని వదిలేసి ట్యాలీప్రైమ్ లాంటి రెడీమేడ్ సరుకుకు వెళ్లడం. ఈ-ఇన్వాయిస్ అందులో ఉంది, ఆడిటరు సంతోషిస్తాడు. కానీ ఎనభై కిలోల బస్తా పిక్కల్లోంచి గుడ్డు ఎంత వచ్చింది, ఏ రైతుకు ముందస్తు ఎంత ఇచ్చాం, ఒలుపు కూలీ ఎంత అన్న మీ లెక్కలన్నీ అందులో ఇమడాలంటే విడిగా రాయించుకోవాలి. పాత సంవత్సరాల వివరాలు ఎలాగూ పాత డేటాబేస్‌లోనే ఉండిపోతాయి, దాన్ని ఎక్కడో ఒకచోట బతికించుకోక తప్పదు.

నన్నడిగితే మొదటిది వెంటనే, రెండోది ఆ వెనకే, మూడోది అల్లుడుగారితో కలిసి తీరిగ్గా. మీకు లోపలి విషయాలు నాకంటే తెలుసు, వేరేలా అనిపిస్తే అలాగే చేయండి. ఒక్క నియమం మాత్రం పాటించండి: ఒకసారి ఒకటే మార్చండి. డేటాబేస్ మారుస్తున్న రోజున టేబుల్ పేర్లు బాగు చేయడం, ఫ్లోట్ (ఉజ్జాయింపు అంకె) రకంలో ఉన్న మొత్తాలను డెసిమల్ (ఖచ్చితమైన అంకె) చేయడం లాంటివి పెట్టుకోకండి. తేడా వస్తే దేనివల్ల వచ్చిందో తేల్చలేరు.

ఇప్పుడు మీరు మాటవరసకు రాసిన ఆ తెగిపోయిన పేర్ల సంగతి. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే.

"పెద అప్పలనాయుడు" అన్న పేరు చీటీ మీద "పెద అప్పలనాయుడ" అని వస్తోందని, చివరి కొమ్ము ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ పోతోందని రాశారు. లెక్క వేద్దాం. పెద అంటే ప, ఎత్వం, ద, మూడు. అప్పలనాయుడులో అ, ప, పొల్లు, ప, ల, న, దీర్ఘం, య, కొమ్ము, డ, కొమ్ము, పదకొండు. మొత్తం పద్నాలుగు. యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో అక్షరమైనా గుణింతమైనా ఒక్కోటి మూడు బైట్లు, అంటే నలభై రెండు, మధ్యలో ఖాళీకి ఒకటి, వెరసి నలభై మూడు. మీ పేరు కాలమ్ నలభై అని రాశారు. మూడు బైట్లు ఎక్కువయ్యాయి, సరిగ్గా చివరి కొమ్ము పోయింది. కాలమ్ నిజంగా యూనికోడ్‌ది అయితే నలభై అక్షరాలు పట్టేవి, పద్నాలుగు ఒక లెక్క కాదు. కాబట్టి మీ టేబుళ్లు లాటిన్1లో (పశ్చిమ ఐరోపా అక్షరాల పాత కోడులో) ఉన్నాయి, వెబ్ పేజీ యూనికోడ్‌లో పంపుతోంది, డేటాబేస్ అది తెలుగని తెలియక బైట్లను అలాగే దాస్తోంది, తిరిగి అలాగే ఇస్తోంది. పైకి బాగానే కనిపిస్తుంది. 5.1 కఠినంగా ఉండదు కాబట్టి పొడవు మించినదాన్ని మారు మాట్లాడకుండా కత్తిరిస్తోంది.

ఇప్పుడు మీరు మామూలుగా డంప్ తీశారనుకోండి. డంప్ ప్రోగ్రాం "ఇది లాటిన్1 కదా, యూనికోడ్‌గా మారుస్తాను" అని ప్రతి బైటునూ విడిగా మార్చేస్తుంది. కొత్త సర్వర్‌లో రైతుల పేర్లన్నీ ఫ్రెంచి అక్షరాల ముద్దల్లా కనిపిస్తాయి. దీన్ని తప్పించుకోవడానికి డంప్ తీసేటప్పుడు డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని చెప్పి, ఆ ఫైలులో అక్షరాల కోడు ఏదో చెప్పే సెట్ నేమ్స్ వరస రాకుండా చేసి, బైట్లు ఉన్నవి ఉన్నట్టు బయటికి తేవాలి. తర్వాత రెండు మార్గాలు. ఫైలులో టేబుళ్ల దగ్గర లాటిన్1 అన్నచోట యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూనికోడ్ పేరు) అని మార్చి, ఆ కనెక్షన్‌తోనే లోడ్ చేయొచ్చు. అప్పుడు ప్రోగ్రాంలో డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే ఫైలులో క్యారెక్టర్ సెట్ చెప్పే ఒక్క వరస కలపాలి. లేదా మొదటి దఫాలో లాటిన్1ను లాటిన్1గానే ఉంచి, కాలమ్ మాత్రం వెడల్పు చేసి, పేర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇది అందంగా ఉండదు, కానీ భయం తక్కువ.

ఏది చేసినా రెండు రకాల పేర్లు వెతికి పట్టుకోండి. అక్షరం మధ్యలో తెగినవి ఉంటాయి, మూడు బైట్లలో ఒకటో రెండో మిగిలినవి. కొత్త డేటాబేస్ వాటిని చెల్లని అక్షరాలంటుంది. ఇంకోటి, ఎవరైనా పీహెచ్‌పీమైఅడ్మిన్ (బ్రౌజర్‌లో డేటాబేస్ తెరిచే టూల్) లోంచి నేరుగా తెలుగులో ఎక్కించిన పేర్లు ఉంటే అవి వరసగా ప్రశ్నార్థకాలై ఉంటాయి. వాటిని ఏ తంత్రంతోనూ తిరిగి తేలేం, పాత కాటా చీటీలు తీసి కొట్టుకోవాల్సిందే.

లోడ్ ఎర్రర్ లేకుండా అయిపోయిందని సంబరపడకండి కూడా. డంప్ ఫైలు తలలోనే ఎస్‌క్యూఎల్ మోడ్ మార్చే వరస ఒకటి ఉంటుంది, లోడ్ జరిగినంతసేపు కఠిన నియమాలన్నీ పక్కకు తప్పుకుంటాయి. తెగిన పేర్లు, సున్నా తేదీలు అన్నీ చప్పుడు లేకుండా లోపలికి వచ్చేస్తాయి, గొడవ తర్వాత మొదలవుతుంది. రిహార్సల్‌లో ఆ వరస తీసేసి లోడ్ చేసి చూడండి, ఎక్కడెక్కడ తన్నుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. 8.4 వైపు వెళ్తే మైఎస్‌క్యూఎల్ షెల్ అనే టూల్‌లో ఇబ్బందులు ముందే చెప్పే అప్‌గ్రేడ్ చెకర్ ఉందని ఎవరైనా చెప్పొచ్చు, అది 5.7 నుంచి మాత్రమే పని చేస్తుంది, మీకు అక్కరకు రాదు.

సున్నా తేదీల గురించి కొంచెం ఆగి ఆలోచించండి. డబ్బు చెల్లించని లాట్లకు చెల్లింపు తేదీ అన్నీ సున్నాలుగా పడుతుందని, బాకీల జాబితా దాన్ని బట్టే వస్తుందని రాశారు. ఎవరో ఒకరు "సున్నా తేదీలు తప్పు, నల్ (విలువ లేదు అన్న గుర్తు) చేయండి" అంటారు. సలహా మంచిదే. కానీ నల్ చేసి, జాబితా తీసే క్వెరీ మార్చడం మర్చిపోతే ఎర్రర్ రాదు, బాకీలే లేవని ఖాళీ జాబితా వస్తుంది. షావుకారుగారు ఒక రోజంతా సంతోషంగా ఉంటారు, ఆ మర్నాడు రైతులు వస్తారు. గ్రూప్ బై కూడా ఇలాంటిదే. 5.1లో గ్రూప్ చేస్తే వరస కూడా దానంతటదే వచ్చేది, 8.0 నుంచి ఆర్డర్ బై రాయకపోతే రాదు, లెడ్జర్ పేజీలు కలగాపులగం అవుతాయి. ఎర్రర్ వచ్చిన పేజీ గురించి నాకు బెంగ లేదు, దాన్ని ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. ఎర్రర్ లేకుండా వేరే అంకె చూపించే పేజీని మాత్రం మీరే వెతుక్కోవాలి.

వెతకడం ఎలాగంటే, పాతది కొత్తది పక్కపక్కన పెట్టి ఒకే రోజు రిపోర్టులు రెండింట్లోంచీ తీయడమే. ప్రతి టేబుల్‌లో వరసల సంఖ్య, ఒక్కో ఆర్థిక సంవత్సరం అమ్మకాల మొత్తం, ప్రతి రైతు ఖాతా నిలవ, గ్రేడ్ వారీ స్టాకు. పైసాతో సహా కలవాలి. కలవని చోట కొత్తదే తప్పనుకోకండి. గ్రూప్ బైలో చేర్చని కాలమ్‌కు 5.1 ఏదో ఒక వరసలోంచి రేటు తీసి చూపిస్తుంది, కాబట్టి ఇన్నాళ్లూ పాతదే తప్పు చూపిస్తూ ఉండొచ్చు. అలాంటిది దొరికితే మీరే దిద్దేయకుండా కాగితం మీద రాసి పెట్టండి, షావుకారుగారు చూడాలి.

ఈ రిహార్సల్‌కు అసలు సర్వర్ అక్కర్లేదు. మీ లాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మిషన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) సెంటోస్ 6 పెట్టి బ్యాకప్ ఎక్కించండి, పాత ప్యాకేజీలు ఇప్పటికీ పాతవి దాచి ఉంచే సెంటోస్ వాల్ట్ సైటులో ఉన్నాయి. దానికి పట్టే టైము ప్రతిసారీ రాసుకోండి, అసలు రోజున ఎన్ని గంటలు ఆఫీసు ఆపాలో అదే చెబుతుంది.

అసలు రోజు ఎప్పుడు? పిక్కల సీజన్‌లో, మార్చి నెలాఖరు లెక్కల్లో మాత్రం వద్దు. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం. వానాకాలంలో పని పలచబడ్డాక ఒక శనివారం సాయంత్రం నాకు మంచిదనిపిస్తోంది. సంక్రాంతి మూడు రోజులు ఆఫీసు మూసి ఉంటుంది, అల్లుడుగారు కూడా ఊళ్లోనే ఉంటారు కాబట్టి అదీ ఆలోచించవచ్చు, కాకపోతే ఏదైనా వస్తువు కావాలంటే ఒక్క షాపు తెరిచి ఉండదు, భోగి రాత్రి ఆయనను సర్వర్ ముందు కూర్చోబెడితే అత్తవారింట్లో మీకు మంచి పేరు రాదు.

మారిన రోజు పొద్దున్న ఒక గడువు పెట్టుకోండి, మధ్యాహ్నం ఒంటిగంట అనుకుందాం. ఆ లోపు తేడా కనిపిస్తే వెనక్కి వెళ్లిపోతాం, దాటితే ఇక ముందుకే. ఎందుకంటే కొత్తదాంట్లో కొట్టిన ఎంట్రీలు పాతదాంట్లోకి వాటంతటవి వెళ్లవు, వెనక్కి వెళ్తే మళ్లీ చేత్తో కొట్టుకోవాలి, సగం రోజువైతే కొట్టగలరు, వారానివి కొట్టలేరు. ఆ పూట కాటా చీటీల కార్బన్ కాపీలు ఒకచోట కట్ట కట్టి పెట్టండి. పాత మిషన్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీసి, తుడవకుండా, కనీసం ఆ సంవత్సరం ఆడిట్ అయ్యేదాకా ఉంచండి.

ఇక అల్లుడుగారు. షావుకారుగారి మాటలో నాకు మొండితనం కంటే భయం ఎక్కువ వినిపించింది. ఆయనకు తెలిసినదల్లా ఇది ఇన్నేళ్లు నడిచిందన్న సంగతి, రాసినవాడు ఇంటివాడన్న సంగతి. మీరు వెర్షన్ల గురించి మాట్లాడినకొద్దీ ఆయనకు అది అల్లుడి మీద ఫిర్యాదులా వినిపిస్తుంది. కాబట్టి వెర్షన్ మాట ఎత్తకండి. ఒక కాగితం మీద మూడు విషయాలు రాసివ్వండి: డిస్కు పోతే ఏమేం పోతాయి, తిరిగి తేవడానికి ఎన్నాళ్లు పడుతుంది, రోజూ రెండోసారి బిల్లులు కొట్టడానికి ఎన్ని గంటలు పోతున్నాయి. సాఫ్ట్‌వేర్ బాగుంది కాబట్టే ఇన్నేళ్లు నిలబడిందని, దాన్ని నిలబెట్టడానికే ఈ పని అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు. ఒక్కడు తీరిక వేళల్లో రాసిన ప్రోగ్రాం ఇంత కాలం ఒక వ్యాపారాన్ని మోసిందంటే రాసినవాడికి దండం పెట్టాలి.

అల్లుడుగారితో వేరేగా మాట్లాడండి. "వచ్చినప్పుడు చూద్దాం" అనేవాళ్లలో చాలామందికి తాము అప్పట్లో రాసిన కోడ్ ఇంకొకరు తెరిచి చూస్తారన్న మొహమాటం ఉంటుంది, ఆయనకూ అదే కావచ్చు. అప్‌గ్రేడ్ చేద్దామా అని అడిగితే మళ్లీ అదే జవాబు వస్తుంది. అందుకే పోర్టు మూయడంతో మొదలుపెట్టమన్నాను: పది నిమిషాల పని, ఆయనే చేయగలరు, కాదనడానికి కారణం లేదు. తర్వాత రిహార్సల్‌లో వచ్చిన ఒక్కో ప్రశ్నను విడిగా వాట్సాప్ చేయండి. "బాకీల జాబితా సున్నా తేదీ మీద ఆధారపడుతోంది కదండీ, ఇంకెక్కడైనా వాడారా?" అంటే జవాబు వస్తుంది, ఎందుకంటే అది ఆయనకు మాత్రమే తెలుసు. ఆయన అప్పటికీ కలిసి రాకపోతే, ఆ సంగతి కూడా షావుకారుగారికి కాగితం మీదే చెప్పి, మొదటి దారి దగ్గర ఆగండి. అనుమతి లేకుండా రెండోదానికి వెళ్లకండి.

ఉద్యోగం మానేయడం గురించి. విశాఖకు వెళ్లాలని నిజంగా ఉంటే వెళ్లండి, ఈ డేటాబేస్ మిమ్మల్ని ఆపకూడదు. కానీ ఈ విసుగులో, రాత్రి పదకొండింటికి నిర్ణయం తీసుకోకండి. రెండోసారి బిల్లులు కొట్టే పని పోయాక ఒక నెల ఆగి చూడండి, వెళ్లాలన్న కోరిక అప్పటికీ అంతే ఉంటే అది వేరే కోరిక. ఇంకోటి, 5.1 నుంచి లెక్క తప్పకుండా, తెలుగు పేర్లు చెడకుండా ఒక వ్యాపారాన్ని బయటికి తెచ్చిన అనుభవం ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గది. వెళ్లినా ఉన్నా, సర్వర్ పాస్‌వర్డులు, బ్యాకప్ ఎక్కడుంది, రీస్టోర్ ఎలా చేయాలి అన్నది తెలుగులో రెండు పేజీలు రాసి షావుకారుగారి బీరువాలో పెట్టించండి. ప్రస్తుతం అదంతా మీ బుర్రలోనే ఉంది, మీకు జ్వరం వస్తే ఆఫీసు ఆగుతుంది.

డంప్ ఫైలు చివరి వరసలో ఏముందో చూసి మళ్లీ రాయండి. అది సగంలో ఆగిపోయి ఉంటే పైన చెప్పిన వరస మారుతుంది, ముందు పాడైన టేబుల్ సంగతి తేల్చాలి. అప్పటిదాకా ఆ మిషన్‌ను రీస్టార్ట్ కూడా చేయకండి.